ఆడో మగో పూత చెప్పాలి

బొప్పాయి మొక్క జానెడు ఎత్తు ఉన్నప్పుడే అది ఆడదో మగదో చెప్పమని అడిగేవాళ్ళు తయారయ్యారు. చెప్పేవాళ్ళూ తయారయ్యారు. ఏ నర్సరీకైనా పోయి కాసేపు నిలబడండి. నల్ల కవరులో నాలుగాకులు వేసిన మొక్కను పట్టుకొని "ఆడదేనా, గ్యారంటీనా?" అని కొనేవాడు అడుగుతాడు. "నూటికి నూరు సార్" అని అమ్మేవాడు తలాడిస్తాడు. ఇద్దరిలో ఒక్కడికీ ఆ మొక్క సంగతి తెలియదు. మొక్క మాత్రం విత్తనంలో ఉన్నప్పుడే తేల్చుకొని కూర్చుంది. చెప్పాల్సిన వేళకు అదే చెబుతుంది. ఆ వేళ దాకా ఆగే ఓపిక మా రోజుల్లో ఉండేది.

ఇట్లా అంటే మా మనవడు నవ్వుతాడు. "ప్రతి ముసలాయనా అనే మాటే కదా తాతా" అంటాడు. ప్రతి ముసలాయనా అన్నంత మాత్రాన అబద్ధమైపోతుందా? ఆస్పత్రి గోడ మీద లింగ నిర్ధారణ నేరమని బోర్డు ఉంటుంది, దానికి 1994లో చట్టమే చేశారు. బొప్పాయికి అట్లాంటి చట్టం లేదు కాబట్టి అందరూ స్కానింగు డాక్టర్లే. ఇంట్లో ఆడపిల్ల అంటే మొహం ముడుచుకునే మనిషే తోటలోకి వచ్చేసరికి ఆడదే కావాలంటాడు. మగ మొక్క కనబడితే కొడవలి తీస్తాడు.

మాది రైల్వే కోడూరు వైపు. మామిడి, నిమ్మ, అరటి, బొప్పాయి, ఈ నాలుగింటి మధ్యే మా బతుకంతా తిరిగింది. మా రోజుల్లో బొప్పాయి విత్తనం కొనడమనే మాటే లేదు. తిన్న పండులోదే విత్తనం. ఫలానా వాళ్ళ పెరట్లో చెట్టు కాయ తియ్యగా ఉందంటే, మా అవ్వ ఆ ఇంటికి పోయి పండు అడిగి తెచ్చేది. గింజల మీది జిగురు పోయేదాకా బూడిదలో రుద్ది, కడిగి, నీడన ఆరబోసి, గుడ్డలో మూటగట్టి పెట్టేది. కాన్పుకు వచ్చిన కూతురు తిరిగి పోయేటప్పుడు ఆ మూటలోంచి పిడికెడు గింజలు సారెతో పాటు పోయేవి. ఒక ఊరి చెట్టు ఇంకో ఊరికి అట్లా నడిచిపోయేది. ఇప్పుడు ప్యాకెట్టు చించి గింజలు లెక్కపెట్టుకుంటున్నారు. ఒక గింజ కింద పడితే మోకాళ్ళ మీద కూర్చొని వెతుక్కుంటున్నారు.

ఆరడుగులకొక గుంత, గుంతకు మూడు మొక్కలు. మా నాయన చెప్పిన లెక్క అదే, ఆయనకు వాళ్ళ నాయన చెప్పిందీ అదే. మూడెందుకని అడిగితే "ఒకటి పోయినా రెండుంటాయి" అనేవాడు. అసలు కారణం అది కాదు. అప్పటి నాటు బొప్పాయి, ఊదా చారల కాడలుండే వాషింగ్టన్ రకమూ, ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరుగా ఉండేవి. గింజల్లో సగం ఆడవి, సగం మగవి. నాలుగైదు నెలలకు పూత కనబడేదాకా ఏది ఏదో తెలియదు. అందుకే మూడు పెట్టి, పూత చూసి, ఒకటి ఉంచి, మిగతావి తీసేసేవాళ్ళు.

ఈ మూడు అనే అంకె ఎంత తెలివైనదో తీరిగ్గా లెక్కవేస్తే తెలుస్తుంది. ఎకరాకు ఆరడుగుల దూరాన 1,210 గుంతలు పడతాయి. ఒక గుంతలో మూడు మొక్కలూ మగవే కావడానికి ఎనిమిదింట ఒక వంతు అవకాశం. అంటే దాదాపు 150 గుంతల్లో మగ చెట్టు తప్ప గత్యంతరం లేదు. మిగిలిన 1,060 గుంతల్లో కనీసం ఒక ఆడ మొక్క ఉంటుంది. పది ఆడ చెట్లకు ఒక మగ చెట్టు ఉంటే పుప్పొడికి లోటుండదని తోటల పుస్తకాలు చెబుతాయి. ఆ ప్రకారం కావలసినవి 106. ఎవరూ ఏరకుండా, ఎవరూ కొలవకుండా, తోటంతా చెదురుగా ఆ మగ చెట్లు వాటంతటవే అమరేవి. గుంతకు రెండే పెడితే పావు వంతు గుంతలు మగవై నేల దండగ. నాలుగు పెడితే పదహారింట ఒక వంతే మగవి, పుప్పొడికి కరువు. మూడు దగ్గర తూకం కుదిరింది. వేలిముద్ర వేసే మనుషులు పెట్టుకున్న లెక్క అది. ఇప్పటి ఫోను వాడికి ఆ ఎనిమిదో వంతు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమనండి.

పూత చూడడమంటే ఊరికే చూడడం కాదు. మగ చెట్టు తొందరపడుతుంది. ఆకు మొదట్లోంచి మూరెడు కాడ సాగదీసి, దానికి సన్నటి గొట్టాల్లాంటి పూలు గుత్తులుగా వేలాడదీస్తుంది. సాయంత్రమైతే వాసన గుప్పుమంటుంది, చీకటి పడ్డాక పెద్ద చిమ్మెటలు వాటి చుట్టూ తిరుగుతాయి. ఆడ చెట్టు మొగ్గ కాండానికి అంటుకొని ఒంటిగా, అడుగున గుండ్రంగా, బొద్దుగా ఉంటుంది. వేలితో తడిమితే లోపల పిందె తగులుతుంది. మా నాయన తెల్లవారి చాళ్ళ వెంట నడుస్తూ మొగ్గ తడిమి, తీసేయాల్సిన మొక్కకు తాటాకు ముక్క గుచ్చిపోయేవాడు. వెనక మేము కొడవలితో. ఆ నడకలోనే ఏ చెట్టుకు బూజు పట్టింది, ఏ గుంతలో నీళ్ళు నిలిచి మొదలు కుళ్ళుతోంది, ఏ ఆకు ముడుచుకుంది, అన్నీ కంటబడేవి. మగ చెట్టును వెతికే పని పేరు చెప్పి తోటనంతా చదివేవాళ్ళం. ఇప్పుడు ఆ నడక పోయింది. డ్రిప్పు పైపు తిప్పి, ఎరువు కలిపి, గట్టు మీద నుంచే వెనక్కి వచ్చేస్తారు.

అట్లాగని మా రోజుల్లో అంతా జ్ఞానమే అని చెప్పను. పిచ్చి నమ్మకాలు బండెడు. నీళ్ళలో తేలిన గింజ మగదట, మునిగింది ఆడదట. ముదురు నల్ల గింజ ఆడదట, వెలిసింది మగదట. తల్లివేరు నిటారుగా దిగితే మగది, చీలికలు వేస్తే ఆడది అని నారు పీకి వేళ్ళు చూసే పండితుడు ప్రతి ఊళ్ళోనూ ఒకడుండేవాడు. ఇవన్నీ ఎందుకు బతికాయంటే, సగం ఆడ, సగం మగ ఉన్నచోట కళ్ళు మూసుకొని ఏం చెప్పినా సగం సార్లు నిజమవుతుంది. నిజమైన సగాన్ని జనం పదేళ్ళు చెప్పుకుంటారు, తప్పిన సగాన్ని సాయంత్రానికి మరిచిపోతారు. ఇవాళ్టి నర్సరీ గ్యారంటీ కూడా ఈ గింజల పండితుడి మనవడే. కాకపోతే వీడు బిల్లు ఇస్తాడు.

ఇంకొకటి, మేకు వైద్యం. మగ చెట్టుకు ఇనుప మేకు దిగ్గొడితే ఆడదవుతుందని, తల నరికితే కాయ కాస్తుందని చేసేవాళ్ళు. నమ్మకం ఊరికే పుట్టలేదు. చల్లటి రోజుల్లో కొన్ని మగ చెట్లు ఆ వేలాడే కాడల చివర నాలుగు కోల పిందెలు వేస్తాయి. మేకు కొట్టినా వేస్తాయి, కొట్టకపోయినా వేస్తాయి. పేరు మాత్రం మేకుకు పోయింది. కొట్టని చెట్టు వంక ఎవరూ చూడలేదు కాబట్టి తేడా తెలియలేదు.

నా కోపం వేరే సంగతి మీద. మేము మేకులు కొడుతున్న కాలానికి ఈ చిక్కుముడి విప్పి చాలా ఏళ్ళయింది. 1938లోనే దక్షిణాఫ్రికాలో హోఫ్‌మేయర్ అనే ఆయన, హవాయి దీవుల్లో స్టోరీ అనే ఆయన, ఎవరి దారిన వారు ఒకే సూత్రం చెప్పారు. బొప్పాయిలో చెట్లు రెండు రకాలు కాదు, మూడు. ఆడ, మగ, ఒకే పువ్వులో రెండు భాగాలూ ఉండే ద్విలింగ చెట్టు. ఈ మూడింటినీ వంశపారంపర్యంగా నడిపేది ఒకే ఒక్క చోట ఉండే తేడా అని వాళ్ళు లెక్కతో చూపించారు. తర్వాతి వాళ్ళు దాన్ని క్రోమోజోముల భాషలోకి తెచ్చారు. ఆడ చెట్టుకు రెండు ఎక్స్‌లు. మగ చెట్టుకు ఒక ఎక్స్, ఒక వై. ద్విలింగ చెట్టుకు ఒక ఎక్స్, ఇంకో తీరు వై. రెండు వైలు కలిస్తే ఆ పిండం బతకదు, గింజ దశలోనే పోతుంది.

ఆ చివరి ముక్కలోనే రైతుకు కావలసిందంతా ఉంది. ద్విలింగ చెట్టు పువ్వును దాని పుప్పొడితోనే కట్టనిస్తే, నాలుగు పాళ్ళలో ఒక పాలు రెండు వైలు పడి చచ్చిపోతుంది. మిగిలిన మూడింటిలో రెండు పాళ్ళు ద్విలింగం, ఒక పాలు ఆడ. మగ చెట్టు అన్నదే రాదు. అంటే కొడవలితో నరకాల్సిన పనే లేదు. ఈ సంగతి కాగితం మీద ఉండగా, పండిన తోటలో సగం మొక్కలు పెంచి నరుకుతూ మేము దశాబ్దాలు గడిపాం. చదువుకున్నవాడికి తెలిసింది చేను గట్టు దాకా నడిచి రావడానికి ఇంత కాలం పట్టాలా? జీపులో వచ్చి, కొబ్బరినీళ్ళు తాగి, ఫొటో దిగి పోయిన పెద్దమనుషుల్లో ఒక్కడైనా "ఈ పువ్వుకు సంచి కట్టు" అని చెప్పి ఉంటే మా నాయన కాళ్ళకు దండం పెట్టేవాడు.

తర్వాత రకాలు వచ్చాయి, కాదనను. కూర్గు కొండల్లో చెత్తళ్ళి కేంద్రంలో ఎంపిక చేసిన కూర్గ్ హనీడ్యూలో మగ చెట్టు పీడ లేదు. బీహారులోని పూసా కేంద్రం పూసా డెలీషియస్, పూసా మెజెస్టీ ఇచ్చింది. కోయంబత్తూరు వాళ్ళు సీఓ వరస రకాలు తెచ్చారు. బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థ సూర్య, అర్క ప్రభాత్ ఇచ్చింది. ఇవన్నీ మన దేశపు పని, ఇంట్లో విత్తనం కట్టుకోగలిగిన రకాలు. వాటి పేర్లు ఇవాళ మా వైపు ఏ కుర్రాడినైనా అడగండి. తైవాన్ నుంచి వచ్చిన రెడ్ లేడీ తప్ప ఇంకో పేరు నోట రాదు. అది బాగా కాస్తుంది, ఎర్రటి కండ, లారీలో దెబ్బ తినదు, దూరపు మండీ దాకా చెక్కు చెదరదు. దాని గొప్ప దానిదే. అది సంకర రకం కాబట్టి దాని పండులోని గింజ నాటితే అదే చెట్టు రాదు, ఆ సంగతీ తెలిసిందే. నా గొడవ రకంతో కాదు, ఆ పేరులో లేడీ ఉందని అన్నీ ఆడ చెట్లే అనుకునే అమాయకత్వంతో.

అయ్యా, మీకు కావలసింది ఆడ చెట్టు కాదు. మండీలో దళారి ఎగబడి కొనే కోల కాయ, కండ మందంగా, లోపల బోలు తక్కువగా ఉండేది, ద్విలింగ చెట్టు కాయ. ఆడ చెట్టు కాయ గుండ్రంగా ఉంటుంది, లోపల డొల్ల ఎక్కువ. "ఆడదేనా?" అని గుచ్చిగుచ్చి అడిగి కొని, తీరా గుండ్రటి కాయలు కాస్తే "మోసం" అని నర్సరీ మీదికి పోతారు. అడిగింది ఇచ్చాడు కదా మరి! హవాయిలో సోలో రకం పండించేవాళ్ళు ఇప్పటికీ గుంతకు మూడు నాలుగు మొక్కలు పెట్టి, పూత రాగానే ఆడ వాటిని తీసేసి ద్విలింగ చెట్టును ఉంచుకునే పద్ధతి పాటిస్తున్నారు. అంత పెద్ద దేశంలో, అంత చదువు ఉన్నచోట, పూత వచ్చేదాకా ఆగడం చిన్నతనం కాలేదు. మనకే తొందర.

ఆకు ముక్క కోసి ప్రయోగశాలలో పరీక్షిస్తే మొక్క దశలోనే చెప్పగలరు, అది నిజం. 2002 నాటికే హవాయిలోనూ, జపాన్‌లోనూ ఆ డీఎన్‌ఏ గుర్తులు పట్టుకున్నారు. 2008లో బొప్పాయి జన్యుపటమంతా చదివేశారు. ద్విలింగ చెట్టు వై, మగ చెట్టు వై నుంచి విడిపోయి సుమారు 4,000 ఏళ్ళే అయిందని, మధ్య అమెరికా రైతులు ఏరి ఏరి పెంచడం వల్లే ఆ రకం నిలిచి ఉంటుందని 2015లో చెప్పారు. ఈ మాట విన్నాక నాకు ఒళ్ళు పులకరించింది. చదువు సంధ్యలు లేని రైతులు చెట్టును చూసి, బాగున్న దాని గింజ దాచి, ఒక కొత్త చెట్టునే నిలబెట్టారన్న మాట. మా అవ్వ మూట కట్టింది కూడా ఆ పనే. మనం ఆ మూట విప్పేసి ప్యాకెట్టు కొనుక్కున్నాం.

పరీక్ష చెప్పలేనివి కూడా ఉన్నాయి. ఆకు ముక్క చూసి ద్విలింగం అని రాసిచ్చిన చెట్టు మా వైపు ఎండల్లో మాట మారుస్తుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటితే దాని పువ్వులో పిందె భాగం ఎండిపోయి, ఉత్త మగ పువ్వు మిగులుతుంది, రాలిపోతుంది. కాండం మీద జానెడు మేర కాయ లేకుండా ఖాళీ. చలి ఎక్కువైతే కేసరాలు పిందెకు అతుక్కుని గాట్లు పడ్డ వంకర కాయలు. ఆడ చెట్టు మాత్రం ఎండైనా వానైనా ఒకే మాట మీద ఉంటుంది. కాబట్టి లింగం అనేది కాగితం మీద ఒకసారి రాసుకొని బీరువాలో పెట్టుకునేది కాదు. నడుస్తూ చూసుకోవాల్సిందే.

ఆడ మగ గోల బొప్పాయికే పరిమితమనుకునేవాళ్ళకు మన చుట్టూ ఉన్న మొక్కలే తెలియవు. తాటి చెట్టు సంగతి చూడండి. పోతుతాడో, ముంజలు కాచే తాడో పూత వేసేదాకా తెలియదు, అందుకు పన్నెండు పదిహేనేళ్ళు పట్టవచ్చు. ఆ గింజ పాతిన మనిషి దాని ముంజ తినాలని పాతలేదు. దొండ పాదును గింజతో ఎవరూ పెట్టరు, కాసే ఆడ పాదు తీగ ముక్కే గుచ్చుతారు. ఎందుకంటే దొండలోనూ ఆడ మగ వేరు. మీరు రోజూ తినే దొండకాయంతా ఆడ తీగల సంతానమే. తెలంగాణ వైపు బోడకాకర అంటారే, మనం ఆకాకర అంటాం, దాని దుంపల్లోనూ పోతు దుంప, ఆడ దుంప వేరు. వానాకాలంలో అడవిలో తీగ చూసి ఇది కాస్తుంది, ఇది కాయదు అని చెప్పే ఆడవాళ్ళను నేను చూశాను. వాళ్ళకు ఏ యూనివర్సిటీ పట్టా ఇవ్వలేదు.

ఈ విద్యను డబ్బుగా మార్చింది మాత్రం గంజాయి. పేరు వినగానే ఉలిక్కిపడకండి. 1985 చట్టం వచ్చాక మన దేశంలో లైసెన్సు లేకుండా పెంచితే జైలే, మన్యంలో పోలీసులు పీకి తగలబెడుతున్నది రోజూ పేపర్లో చూస్తున్నదే. చదువు కోసం చెబుతున్నాను. అందులోనూ ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. పుప్పొడి గాలికి పోతుంది. ఆడ పువ్వుకు పుప్పొడి తగిలిందా, గింజ కట్టి సరుకు విలువ పడిపోతుంది. వెనకట తెల్లదొరల కాలంలో, బెంగాల్ రాజషాహీ జిల్లా నౌగాఁవ్ దగ్గర సర్కారు లైసెన్సు మీద గంజాయి పండించేవాళ్ళు. అక్కడ పోద్దార్ అని పిలిచే నిపుణుడు ఉండేవాడు. దొరలు ఆయన్ను గంజాయి డాక్టర్ అని రాసుకున్నారు. పూత విప్పకముందే చాళ్ళ వెంట నడిచి, కణుపు దగ్గర చూపు నిలిపి, మగ మొక్కలను ఏరి పీకించడమే ఆయన వృత్తి. రైతులు ఆయనకు కూలి కాదు, కంటికి కట్నం ఇచ్చేవాళ్ళు. ఒక్క మగ మొక్క ఆయన కన్ను తప్పితే పక్కవాడి చేను కూడా పోతుంది. 1893-94లో కూర్చున్న హెంప్ డ్రగ్స్ కమిషన్ ఆయన పని గురించి తన నివేదికలో రాసింది. మొక్కను చూసి చెప్పగలగడం ఒకప్పుడు సర్కారు రిపోర్టుకెక్కిన విద్య అన్న మాట.

ఇప్పుడు ఆ పోద్దార్ అక్కర్లేదు. కెనడా 2018లో గంజాయికి చట్టం తెరిచింది. అక్కడ ఆడ విత్తనాలని ప్యాకెట్లే అమ్ముతారు. ఆడ మొక్క మీద వెండి ఉప్పు ద్రావణం చల్లుతారు. ఆడ పువ్వుకు దారి చూపే ఇథిలీన్ అనే వాయువు పనిని వెండి అడ్డుకుంటుంది, ఆడ మొక్కే మగ పువ్వులు పూస్తుంది. దాని కణాల్లో ఉన్నవి రెండు ఎక్స్‌లే కాబట్టి ఆ పుప్పొడిలో వై అన్నదే ఉండదు. దానితో కట్టిన గింజలన్నీ ఆడవే. అమెరికావాడి మంత్రం అనుకుంటున్నారు కదూ మన పిల్లలు? ఢిల్లీ యూనివర్సిటీ వృక్షశాస్త్ర శాఖలో ప్రొఫెసర్ హెచ్.వై. మోహన్ రామ్, జైస్వాల్ కలిసి 1970లో మందు చల్లి మగ గంజాయి మొక్క మీద ఆడ పువ్వులు పూయించారు. 1972లో జిబ్బరెల్లిన్ అనే మందుతో ఆడ మొక్క మీద మగ పువ్వులు తెప్పించారు. 1982లో మోహన్ రామ్ మరో సహచరుడితో కలిసి ఇదే వెండి ద్రావణంతో ఆడ మొక్క చేత పనికొచ్చే పుప్పొడి ఇప్పించారు. మన మాస్టార్లు చేసిన పని. క్లాసులో ఈ పేరు చెప్పే టీచరు ఒక్కడు కనబడితే చూపించండి. ఫోనులో కెనడా ప్యాకెట్టు బొమ్మ చూపించేవాళ్ళు మాత్రం సందుకు పదిమంది.

పైగా ఆ ప్యాకెట్టు కొన్నవాడికీ నిద్ర లేదు. ఆడ విత్తనమే అయినా నీళ్ళు చాలకో, వేడి ఎక్కువయ్యో, వెలుతురు వేళలు తప్పో మొక్క కష్టపడితే, ఆడ గుత్తి మధ్యలోంచే ఒకటి రెండు మగ పువ్వులు పొడుచుకొస్తాయి. ఆ రెండు చాలు గదంతా గింజ కట్టడానికి. అందుకని అక్కడా ఒక మనిషి చేతిలో భూతద్దం పట్టుకొని చాళ్ళ వెంట నడవాల్సిందే. నౌగాఁవ్ పోద్దార్‌ను పంపించేశామనుకున్నారు, జీతం పెంచి మళ్ళీ పెట్టుకున్నారు.

మా మనవడు ఇదంతా విని "అయితే పాత నాటు బొప్పాయే వేద్దామా తాతా?" అని అడిగాడు, ఎగతాళిగా. నేను అట్లా అనడం లేదు. నాటు పండ్లన్నీ అమృతం అని చెప్పను. పది చెట్లలో రెండు తియ్యన, నాలుగు చప్పన, మిగతావి పచ్చి కాయగా కూరకే. మగ చెట్టు ఎరువు తిని నీళ్ళు తాగి నాలుగు నెలలు ఊరికే పెరిగిన మాటా నిజమే. ఇప్పుడు పేనుబంక మోసుకొచ్చే రింగ్‌స్పాట్ వైరస్ వచ్చి తోటలు ఏడాదికే ముగుస్తున్నప్పుడు, సగం మొక్కలు నరికేందుకు పెంచమని ఎవరికి చెప్పగలను? ముందుగా తెలుసుకోవడం మంచిదే. తెలుసుకునే పని కూడా మనదేనన్నది మాత్రం వదిలేశాం. పండు కొన్నట్టే విత్తనం కొంటున్నాం, విత్తనం కొన్నట్టే జవాబూ కొంటున్నాం. జవాబు తప్పితే తిట్టడానికి ఎదుటివాడు ఉన్నాడన్న ధీమా ఒక్కటే మనది.

కాబట్టి విసుగుతోనే చెబుతున్నాను, వినేవాళ్ళుంటే వినండి. సంకర రకం కాకుండా కూర్గ్ హనీడ్యూ, సూర్య లాంటి రకం నాలుగు మొక్కలు పెట్టండి. కోల కాయ కాచే ద్విలింగ చెట్టును చూసుకోండి. వైరస్ సోకనిది, పండు తియ్యగా ఉండేది, కిందనుంచే కాపు పట్టేది కావాలి. రేపో మాపో విప్పుకునే మొగ్గకు కాగితం సంచి తొడిగి దారంతో కట్టండి. పువ్వు తన పుప్పొడితోనే కడుతుంది. పిందె నిలిచాక సంచి తీసి, కాయకు గుర్తు కట్టి వదిలేయండి. అయిదు నెలలకు పండుతుంది. గింజలు బూడిదలో రుద్ది, కడిగి, నీడన ఆరబెట్టి, పాతపడకముందే పోయండి. గుంతకు మూడు నాటండి.

ఇప్పుడు లెక్క వేద్దాం. మూడింట రెండు పాళ్ళు ద్విలింగం, ఒక పాలు ఆడ. ఒక గుంతలో మూడూ ఆడవే కావడానికి 27లో ఒక్క అవకాశం. ఎకరా 1,210 గుంతల్లో అట్లాంటివి 45 దాటవు, అవీ గుండ్రటి కాయలు కాస్తాయి, పక్క చెట్ల పుప్పొడితో. మిగతా అన్ని గుంతల్లోనూ మీ దళారి అడిగే కోల కాయ చెట్టు కనీసం ఒకటి ఉంటుంది. మొగ్గ చూసి ఏరుకోవడమే మిగిలిన పని. ఇరవై ఏడింటికి ఇరవై ఆరు, అదీ కాగితం సంచి ఖర్చుతో. నూటికి నూరు అని తలాడించే నర్సరీవాడు ఇంతకన్నా మేలైన లెక్క రాసి సంతకం పెట్టమనండి. పెడితే ఇక మా రోజుల్లో అన్న మాట ఎత్తను.